ఇంటికి మిగ్ వెల్డింగ్ మెషిన్: కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

పోయిన వేసవిలో మా బాబాయి విజయవాడ ఆటోనగర్ నుంచి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇక్కడ ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఎత్తేస్తున్నారు. 400 ఆంపియర్ల మిగ్ మెషిన్, ఫీడరు, టార్చ్ అన్నీ కలిపి 35 వేలకి ఇస్తామంటున్నారు. కొత్తది లక్ష పైమాటేనట. తీసేసుకోనా?" రిటైరయ్యాక ఇంటి గేటు, మేడ మీద రేకుల షెడ్డు, మొక్కల స్టాండ్లు సొంత చేత్తో చేసుకోవాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. నేను ఒక్కటే అడిగాను. "బాబాయ్, మీ ఇంటి మీటరు సింగిల్ ఫేజా, త్రీఫేజా?"

"అదంతా నాకేం తెలుసురా, కరెంటు మాత్రం బాగానే వస్తుంది" అన్నాడు.

కొత్తదా పాతదా అని ఆలోచించేవాళ్ళంతా రెండు ధరలు పక్కపక్కన పెట్టుకుని మొదలుపెడతారు. నా అనుభవంలో ఈ లెక్క ఇంటి మీటరు పెట్టె దగ్గర మొదలవ్వాలి. మన దగ్గర కొత్త మిగ్‌లు, పాత మిగ్‌లు రెండు వేరువేరు జాతుల మెషిన్లు. వేరే రకం కరెంటు, వేరే రకం పని, వేరే రకం రిపేరు. ఈ తేడా తెలియకుండా ధర చూసి కొన్నవాళ్ళు ఆ మెషిన్‌ని ఇంటి మూల గోనెసంచి కప్పి ఉంచడం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను.

ముందు మెషిన్ గురించి నాలుగు మాటలు. రాడ్ వెల్డింగ్‌లో రాడ్డు అయిపోగానే ఆగి ఇంకోటి పెట్టుకోవాలి. మిగ్‌లో సన్నని వైరు చుట్ట నుంచి ఫీడరు మోటారు వైరుని ఆగకుండా చేతిలో పట్టుకునే టార్చ్‌లోకి తోస్తుంది, చుట్టూ గ్యాస్ వచ్చి కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. 1948లో అమెరికాలోని బాట్టెల్ సంస్థలో దీన్ని అల్యూమినియం అతకడానికి రూపొందించారు. అప్పుడు వాడినవి ఖరీదైన జడవాయువులు. 1953లో సోవియట్ ఇంజనీర్లు ఇనుముకి చౌకైన కార్బన్ డయాక్సైడ్ సరిపోతుందని చూపించాక ఈ పద్ధతి ప్రతి షెడ్డుకీ చేరింది. మన వర్క్‌షాపుల్లో దీన్ని ఇప్పటికీ సీఓటూ వెల్డింగ్ అనే అంటారు. అతుకు మీద పేరుకునే స్లాగ్ పెంకు కొట్టే పని లేదు, చేయి తిరగడానికి నెలలు పట్టదు, పల్చటి పైపులు కాలిపోకుండా అతుకుతాయి. ఇంట్లో పనిచేసుకునేవాళ్ళు దీనివైపు చూడటం సహజం.

ఒక విషయం మాత్రం ఇక్కడే చెప్పాలి. మీ పనంతా ఆరుబయట, గాలి వీచే చోట, తుప్పు పట్టిన పాత ఇనుము మీద అయితే మీకు కావలసింది మిగ్ కాదు. గాలి గ్యాస్‌ని ఎగరగొడుతుంది, అతుకు జల్లెడలా తయారవుతుంది. అలాంటి పనికి ఒక చిన్న రాడ్ మెషిన్ చాలు.

మీటరు పెట్టె

ఇంటర్నెట్‌లో కనిపించే వెల్డింగ్ సలహాల్లో చాలా భాగం అమెరికా గ్యారేజీల నుంచి వచ్చినవి. "పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ దొరికితే వదలకండి" అని వాళ్ళు చెబుతారు. అక్కడ అది మంచి సలహానే. అక్కడి ఇళ్ళకు 240 వోల్టుల సింగిల్ ఫేజ్ వస్తుంది. బట్టలు ఆరబెట్టే మెషిన్‌కి 30 ఆంపియర్లు, ఎలక్ట్రిక్ పొయ్యికి 40, 50 ఆంపియర్ల లైన్లు ఇంట్లోనే ఉంటాయి. మిల్లర్, లింకన్ లాంటి కంపెనీలు దశాబ్దాలుగా ఆ లైన్ల మీద నడిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మిగ్‌లు చేశాయి. కాబట్టి అక్కడ పాతది కొంటే ఇంటికోసం చేసిన మెషినే దొరుకుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు నన్నడిగితే నేనూ పాతదాన్నే ముందు చూడమంటాను. దాన్ని కంటైనర్‌లో ఇక్కడికి పంపించే ఆలోచన మాత్రం వద్దు. 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది.

మన దగ్గర పాత మిగ్‌లు వచ్చేది ఫ్యాక్టరీల నుంచి. బాలానగర్, జీడిమెట్ల, గాజువాక, ఆటోనగర్ షెడ్లలో పదేళ్ళో పదిహేనేళ్ళో నడిచి బయటికొచ్చినవి. దాదాపు అన్నీ 415 వోల్టుల త్రీఫేజ్ మీద నడిచేవే. వంద కేజీలకు పైన బరువు. ఇవి సింగిల్ ఫేజ్ ఇంట్లో నడవవు. "వైండింగ్ మార్పించి నడిపించుకోవచ్చులే" అని ఎవరైనా అంటే నమ్మకండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ రెండూ మూడు ఫేజుల కోసమే కట్టి ఉంటాయి.

పల్లెల్లో ఇంకో ఆలోచన వస్తుంది. పొలంలో మోటారుకి త్రీఫేజ్ ఉంది కదా, అక్కడ పెట్టుకుంటే పోలే అని. వ్యవసాయ కనెక్షన్ ఇచ్చేది పంపుసెట్టు కోసమే. దాని మీద వెల్డింగ్ మెషిన్ పెట్టడం చట్టప్రకారం నేరం. పట్టుబడితే జరిమానా పడుతుంది, కనెక్షన్ కూడా పోవచ్చు. ఒక గేటు కోసం అంత దూరం వెళ్ళొద్దు.

రెండు మూడు ఏసీలున్న ఇళ్ళకు త్రీఫేజ్ మీటరు ఉండే అవకాశం ఎక్కువ. మీటరులోకి వచ్చే వైర్లు నాలుగుంటే మీది త్రీఫేజ్, రెండుంటే సింగిల్ ఫేజ్. ఆ పెట్టెని మీరు చూడటం వరకే, విప్పే పని లైన్‌మన్‌ది. త్రీఫేజ్ ఉంటేనే ఫ్యాక్టరీ మెషిన్ల వైపు చూడండి.

ఉన్నా కూడా ఒక చిక్కుంది. ఇంటి గేట్లకు, గ్రిల్స్‌కి వాడే చదరపు పైపులు ఎక్కువగా 1.6 నుంచి 3 మిల్లీమీటర్ల మందం. మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు అన్నది పనిచేసే లెక్క. అంటే 1.6 పైపుకి 65 ఆంపియర్ల దగ్గర, 3 మిల్లీమీటర్లకి 120 దగ్గర సరిపోతుంది. 65 ఆంపియర్ల దగ్గర నిలకడగా కాలాలంటే వైరు 0.8 మిల్లీమీటర్లది కావాలి. ఫ్యాక్టరీలో 400 ఆంపియర్ల మెషిన్‌ని 1.2 వైరుతో, మందపాటి ప్లేట్ల మీద నడిపి ఉంటారు. దానిలో వైరుని తోసే రోలర్లు, కేబుల్ లోపల వైరు నడిచే లైనరు గొట్టం, వైరు బయటికొచ్చే టిప్ అన్నీ ఆ సైజువే. అదే వైరుతో పల్చటి పైపు మీద పెడితే చిల్లు పడుతుంది. అన్నీ 0.8కి మార్చుకోవచ్చు కానీ, పెద్ద మెషిన్లలో కొన్ని తక్కువ ఆంపియర్ల దగ్గర సరిగా కాలవు. ఇంటికి త్రీఫేజ్ పాతది చూసేవాళ్ళు 250 ఆంపియర్లు దాటొద్దు.

కొత్తదాని మీద స్టిక్కర్, వెనకాల ప్లేటు

సింగిల్ ఫేజ్ ఇంటికి మిగిలేది ఇన్వర్టర్ మిగ్. ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో పనిచేసే, పది ఇరవై కేజీల బరువుండే పెట్టె. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా 15 వేల నుంచి 40 వేల దాకా రకరకాల పేర్లతో కనిపిస్తాయి. ఎసాబ్, అడార్ లాంటి పాత కంపెనీలవి అంతకంటే పైన. 18 శాతం జీఎస్టీ ఆ ధరలో కలిసి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ కొనేవాడు ఎక్కువగా మోసపోయేది ముందువైపు స్టిక్కర్‌తోనే. "మిగ్ 250" అని పెద్ద అంకెలుంటాయి. దాన్ని వదిలేసి వెనకవైపు చిన్న అక్షరాల ప్లేటు చదవండి. అక్కడ 230 వోల్టుల దగ్గర మెషిన్ గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు లాగుతుందో ఉంటుంది, దాన్ని ఐ1 మ్యాక్స్ (I1max) అని రాస్తారు. ఆ అంకె 20 అనుకుందాం. 230ని 20తో గుణిస్తే 4,600. గోడ నుంచి మెషిన్ తీసుకోగలిగింది అంతే. ఇప్పుడు బయటికి వచ్చేది చూద్దాం. వైరు కొనకీ ఇనుముకీ మధ్య వెలిగే మంటని ఆర్క్ అంటారు. మిగ్‌లో ఆర్క్ వోల్టేజ్‌కి ఒక ప్రామాణిక లెక్క ఉంది. ఆంపియర్లని 0.05తో గుణించి 14 కలపాలి. 250 ఆంపియర్లకు 26.5 వోల్టులు వస్తుంది. రెండూ గుణిస్తే 6,600 వాట్లు దాటుతుంది. 4,600 తీసుకుని 6,600 ఇచ్చే మెషిన్ ఈ లోకంలో లేదు. లోపల పోయే నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటంతా పనికి రాకపోవడం) కూడా తీసేస్తే ఆ మెషిన్ నిజంగా ఇవ్వగలిగింది 130, 140 ఆంపియర్లు.

ఇంటి పనికి 140 సరిపోతుంది, అది వేరే సంగతి. కానీ 250 ధర పెట్టి 140 కొనకూడదు. ఈ లెక్క ఫోన్‌లో అర నిమిషంలో అయిపోతుంది. ప్లేటే లేని మెషిన్‌ని ఎంత చౌకగా ఇచ్చినా ఇంటికి తెచ్చుకోవద్దు.

ఆ ప్లేటు మీదే ఎక్స్ అనే అక్షరం పక్కన శాతం ఉంటుంది. దాన్ని డ్యూటీ సైకిల్ అంటారు. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు చల్లబడనివ్వాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దీన్ని 40 డిగ్రీల వేడిలో కొలవాలి. కొన్ని చౌక మెషిన్ల మీద 20 డిగ్రీల దగ్గర కొలిచిన శాతం వేస్తారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మేడ మీద పనిచేసేవాడికి ఆ శాతం సగం కూడా మిగలదు. అలాగని ఇంటి పనికి వంద శాతం కోసం డబ్బు పోయనక్కర్లేదు. ఇంట్లో మనం అర నిమిషం కాల్చి, మూడు నిమిషాలు కొలతలు చూసుకుంటాం. మీకు కావలసిన ఆంపియర్ల దగ్గర నిజాయతీగా 35, 40 శాతం ఉంటే చాలు.

కొత్తదానిలో నేను పట్టుబట్టేది టార్చ్ గురించి. టార్చ్ మెషిన్‌కే శాశ్వతంగా బిగించి ఉంటే కొనకండి. టార్చ్‌ని విప్పి మార్చుకోనిచ్చే యూరో కనెక్టర్ ఉంటే ఏ ఊళ్ళోనైనా దొరికే బింజెల్ కంపెనీ తరహా టార్చ్, టిప్, నాజిల్ పెట్టుకోవచ్చు. టార్చ్ అరిగిపోయే వస్తువు, వారంటీలో సాధారణంగా ఉండదు. ఒక కేజీ చుట్ట మాత్రమే పట్టే మెషిన్ కన్నా 5 కేజీలది పట్టేది మేలు, చిన్న చుట్టల్లో వైరు కేజీ ధర బాగా ఎక్కువ. రాడ్ వెల్డింగ్ కూడా చేసే రకం దొరికితే ఇంకా మంచిది, గాలి వీచే రోజు అదే ఆదుకుంటుంది. గ్యాస్ లేకుండా, లోపల పొడి నింపిన ఫ్లక్స్ వైరుతో నడిచే సౌకర్యం చాలా మెషిన్లలో ఉంటుంది. దానికి పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ కనెక్షన్లు, మార్చాలి, వైరు ఖరీదెక్కువ, పొగ విపరీతం. రోజూ దానిమీదే ఆధారపడదామని కొనకండి.

16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి 120 ఆంపియర్ల దాకా కాల్చవచ్చు, అదీ వైరింగ్ బాగుంటేనే. అంతకు పైన కావాలంటే మీటరు బోర్డు నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో, 32 ఆంపియర్ల ఎంసీబీతో ఎలక్ట్రీషియన్ చేత వేరే లైను వేయించుకోండి, ఎర్త్ సరిగా ఉందో లేదో చూపించుకోండి. మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే అదీ పెంచుకోవాలి. ఈ ఖర్చు కొత్త మెషిన్‌కైనా పాతదానికైనా తప్పదు.

పాతవాటిలో రెండు రకాలు

సెకండ్ హ్యాండ్ ఇన్వర్టర్, సెకండ్ హ్యాండ్ ట్రాన్స్‌ఫార్మర్. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం పెద్ద పొరపాటు.

పాత ఇన్వర్టర్ గురించి నా మాట సూటిగా చెబుతాను: వాడినతను మీకు బాగా తెలిసినవాడైతే తప్ప వద్దు. ఇన్వర్టర్ లోపల ఫ్యాను బయటి గాలిని బోర్డుల మీదుగా లాగుతుంది. పక్కనే గ్రైండర్ నడిస్తే ఆ ఇనుప పొడి అంతా బోర్డుల మీద చేరుతుంది. ఇనుప పొడి కరెంటుకి దారి ఇస్తుంది. ఒకరోజు ఐజీబీటీలు ఠపీమని పోతాయి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి బోర్డు మీది సన్నని రాగి గీతల్ని తినేస్తుంది. ఫ్యాను జాలీలోంచి బల్లి దూరి బోర్డు కాలిపోయిన మెషిన్ కూడా చూశాను. ఇవేవీ కొనే రోజు బయటికి కనపడవు, మెషిన్ చక్కగా కాలుతుంది. పేరులేని కంపెనీదైతే తర్వాత బోర్డు దొరకదు. దొరికినా బోర్డు ధర, కూలీ కలిపితే కొత్తదానికి దగ్గరవుతుంది. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంటుంది, దీనికి అమ్మినవాడి మాట తప్ప ఏమీ ఉండదు. సగం ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినా దాని జోలికి పోవద్దు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ కథ వేరు. లోపల ఉండేవి బరువైన వైండింగ్, డయోడ్లు, కాంటాక్టరు, వోల్టేజ్ మార్చే ట్యాప్ స్విచ్, ఫీడరుకి ఒక చిన్న బోర్డు. ఏది పోయినా విడిగా దొరుకుతుంది. రాగి వైండింగ్ కాలిపోతే మళ్ళీ చుట్టించుకోవచ్చు. మోటార్లు చుట్టే షాపు లేని మండల కేంద్రం మనకు లేదు, వాళ్ళలో చాలామంది వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టగలరు. ఇది మనకున్న పెద్ద వసతి. పైగా రాగికి తుక్కు ధర ఉంటుంది కాబట్టి పెట్టిన డబ్బు పూర్తిగా పోదు. అల్యూమినియం వైండింగ్ అయితే ఈ రెండు లాభాలూ తగ్గిపోతాయి, అందుకే లోపల ఉన్నది రాగో అల్యూమినియమో తేల్చుకోకుండా బేరం మొదలుపెట్టకండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీరు పనిచేయబోయే పైపు ముక్కలు, మందంగా ఉన్న ప్లేటు ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళండి. ముందు మెయిన్ తీయించి, "అన్నా, పక్క కవరు ఒకసారి విప్పుతారా" అని అడగండి. విప్పనంటే అక్కడితో వచ్చేయండి. వార్నిష్ మాడిన వాసన, నల్లబడిన చుట్టలు, కరిగిన ఇన్సులేషన్ కనిపిస్తే ధర తగ్గించినా వద్దు. ట్యాప్ స్విచ్‌ని ఒక్కో మెట్టూ తిప్పుతూ ప్రతి మెట్టు మీదా కాల్చి చూడండి. మెట్టు మారినా ఆర్క్ మారకపోతే లోపల కాంటాక్టులు కాలాయి. తర్వాత ప్లేటు ముక్క మీద పది నిమిషాలు గట్టిగా కాల్చండి, అమ్మేవాడు విసుక్కున్నా ఆపకండి. వేడెక్కాకే దాని అసలు రోగం బయటపడుతుంది. సెట్టింగ్ సరిగా కుదిరిన మిగ్ శబ్దం నూనెలో మిరపకాయ బజ్జీలు వేగుతున్నట్టు ఎడతెగకుండా ఉంటుంది. మధ్యమధ్యలో దగ్గినట్టు ఆగుతుంటే లోపం ఎక్కువగా ఫీడరులోనో టార్చ్‌లోనో ఉంటుంది. టార్చ్ కేబుల్ నేల మీద తిన్నగా పరిచి, తర్వాత ఒక చుట్ట చుట్టి, రెండు రకాలుగా వైరు నడిపించండి. చుట్టినప్పుడు మొరాయిస్తే లైనరు అరిగింది. అది మార్చుకోదగ్గదే, బేరంలో ఆ డబ్బు తగ్గించమనండి. టార్చ్ బటన్ వదిలాక కూడా గ్యాస్ సుయ్యిమంటుంటే దాన్ని ఆపే సోలెనాయిడ్ వాల్వు పోయింది. అదీ చిన్న ఖర్చే. వైండింగ్ ఒక్కటి బాగుంటే మిగతావన్నీ దారికొచ్చేవే.

ఏ మెషిన్ కవరూ ఇంట్లో మీరే విప్పొద్దు. ఇన్వర్టర్ అయితే మరీ ప్రమాదం, ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది.

సిలిండర్ సంగతి

మెషిన్ బేరంలో మునిగి చాలామంది దీన్ని మర్చిపోతారు. సిలిండరు, రెగ్యులేటరు, అది గడ్డకట్టకుండా పెట్టే హీటరు, వైరు, ఆటో డార్క్ హెల్మెట్, తోలు గ్లవుజులు కలిపితే చౌక మెషిన్ ధరలో సగానికి దగ్గర అవుతుంది. పాత సెట్టుతో రెగ్యులేటరు, సిలిండరు వస్తే ఆ మేరకు అది నిజంగా లాభం.

అయితే పాత సిలిండర్ భుజం మీద కొట్టిన తేదీలు చూడాలి. మన నిబంధనల ప్రకారం దీనికి ఐదేళ్ళకోసారి నీటి పీడనంతో పరీక్ష జరగాలి. గడువు దాటితే గ్యాస్ ఏజెన్సీ నింపకూడదు, నింపదు. చాలా సిలిండర్లు ఏజెన్సీ సొత్తే, డిపాజిట్ మీద ఇచ్చినవి. అమ్మేవాడి దగ్గర బిల్లు లేకపోతే అది ఆయనది కాకపోవచ్చు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సిలిండర్‌ని వాడే ప్రయత్నం చేయకండి, దాని లోపలి గొట్టం అడుగు నుంచి ద్రవాన్నే బయటికి పంపుతుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో ద్రవంగా ఉంటుంది కాబట్టి గేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. ద్రవం అయిపోయేదాకా ముల్లు పెద్దగా కదలదు, ఎండకు మాత్రం పైకి ఎక్కుతుంది. కాటా మీద పెట్టి, భుజం మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయడమే దారి. కేజీ గ్యాస్ దాదాపు 540 లీటర్లు అవుతుంది. నిమిషానికి 12 లీటర్లు వదిలితే 45 నిమిషాల ఆర్క్. అంటే 9, 10 కేజీల చిన్న సిలిండర్ ఇంటి మనిషికి నెలలు వస్తుంది. 30 కేజీలది మేడ మెట్లు ఎక్కించే అవస్థ అక్కర్లేదు. ఏదైనా నిలబెట్టే వాడాలి, గొలుసుతో గోడకి కట్టాలి.

బాబాయి ఇంటిది సింగిల్ ఫేజ్ అని ఆ సాయంత్రమే తేలింది. ఆయన చివరికి యూరో కనెక్టర్, రాడ్ సౌకర్యం ఉన్న కొత్త ఇన్వర్టర్ ఒకటి తీసుకున్నాడు. ప్లేటు లెక్క ప్రకారం 160 ఆంపియర్లు నిజంగా ఇచ్చేది. లైను వేయించడానికి, లోడు పెంచడానికి ఇంకో నెల పట్టింది. గేటు దసరాకి నిలబడింది. ఆ 400 ఆంపియర్ల మెషిన్‌ని వాళ్ళ ఊరి పక్కనే ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డాయన కొన్నాడు. అక్కడ త్రీఫేజ్ ఉంది, 1.2 వైరు ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మందపాటి ప్లేట్ల పనే. ట్యాప్ స్విచ్ ఒకటి మార్పించాడట, ఇప్పుడు రోజంతా నడుస్తోంది.